చొక్కాకు అంటిన సోంపు సారా

రోసాల్బా పొద్దున్నే పెనం మీద అరేపాలు అనే మొక్కజొన్న రొట్టెలు తిరగేస్తుండగా, రాత్రి జాగరణకు వెళ్లిన భర్త ఎవేలియో గుమ్మంలో కనిపించాడు. పక్కవీధిలో పోయిన పెద్దాయన కోసం తొమ్మిది రాత్రుల ప్రార్థనలు జరుగుతున్నాయి. అక్కడికి వచ్చినవాళ్లకు కాఫీతో పాటు సోంపు సారా కూడా పోస్తారు. ఎవేలియో ఒకప్పుడు తాగి ఇల్లు గుల్ల చేసినవాడే. కానీ మేరీమాత ముందు ఒట్టేసి మానేసి ఏళ్లయింది.

అతను గోడ పట్టుకుని తూలాడు. చొక్కా నుంచి సోంపు వాసన గుప్పుమంది.

"ఒట్టు కూడా తాగేశావా నాన్నా?" అంది కూతురు యామిలే.

"తా... గ... లే..." మాట ముద్దగా వచ్చింది.

"ఆ ముక్కైనా తిన్నగా అను, నమ్ముతాను." రోసాల్బా అరేపా పళ్లెంలోకి విసిరింది. "చావింట్లో కూడా సీసా వెతుక్కున్నావా?"

యామిలే వీధికిటికీ బార్లా తెరిచింది. "దాచడమెందుకమ్మా, అందరూ చూడనీ," అంది గట్టిగా. ఎదురింటివాళ్లు నవ్వారు. ఎవేలియో ఇంకోసారి అదే మాట అనబోయాడు. ఇద్దరూ కలిసి అతన్ని వెనకగదిలో పడేసి తలుపు వేశారు, పడుకుంటే మత్తు దిగుతుందని.

మధ్యాహ్నం ఆ పెద్దాయన భార్య ఒతీలియా వచ్చింది.

"ఎవేలియోకి తగ్గిందా? తెల్లారగట్ల గుండె దడదడలాడుతోందన్నాడు. సారాతో ఛాతీ రుద్దాను, మనకు తెలిసిన మందు అదేగా. పాపం, వద్దు మొర్రో అన్నాడు. ఈ వాసనతో ఇంటికెళ్తే తాగాననుకుంటారమ్మా అన్నాడు. నీ పెళ్లాం నిన్ను ఆ మాత్రం ఎరగదా అని నేనే నవ్వాను."

యామిలే పరుగెత్తి తలుపు తీసింది. ఎవేలియో మేలుకునే ఉన్నాడు. కుడిచెయ్యి ఎత్తబోతే లేవలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అతని మణికట్టు వదలకుండానే చెప్పింది. "గుండె లయ తప్పింది. అలా తప్పితే లోపల రక్తం గడ్డకడుతుంది, ఆ గడ్డ మెదడుకు పోతే మాటా, చెయ్యీ పడిపోతాయి. ఈ వార్డులో సగం మంది ఇలా వచ్చినవాళ్లే. దడ అంటే నరాల బలహీనత అనుకుంటారు, తూలితే వయసు అనుకుంటారు. ఇది ఎప్పుడు మొదలైంది?"

"పొద్దున్నే," అంది యామిలే.

"వెంటనే తెచ్చుంటే గడ్డ కరిగే మందు ఇచ్చేవాళ్లం. ఇప్పుడు వేళ దాటిపోయింది. ఎందుకు తేలేదు?"

జవాబు యామిలేయే చెప్పాల్సి వచ్చింది. "తాగాడనుకున్నాం." పక్కమంచాల వాళ్లు తలతిప్పి చూశారు. సిగ్గుతో ఆమెకు చచ్చినంత పనైంది.

సాయంత్రం ఎవేలియో ఏదో గొణిగాడు. ఈసారి యామిలే అతని నోటి దగ్గర చెవి పెట్టింది.

"తాగ... లేదు."

"తెలుసు నాన్నా."

అతనికి నమ్మకం కుదరలేదు. తడబడుతూ మళ్లీ అదే అన్నాడు, మళ్లీ అన్నాడు. రోసాల్బా ఆ చచ్చుబడ్డ చేతిని చెంపకు ఆనించుకుని ఏడుస్తూ, అతను అన్న ప్రతిసారీ "అవును, తాగలేదు" అంటూనే ఉంది.