అడ్డగీతలు

ఆ పుకారు గాజువాకకి నిఖిత స్కూటీ మీద వచ్చింది.

నిఖిత ఉక్కునగరం అమ్మాయి. ఇంజినీరింగ్ చదువుతూ, సాయంత్రాలు నాగవంశీ గేమ్ పార్లర్‌లో కూర్చుని మగపిల్లలందర్నీ వరసపెట్టి ఓడించేది. రెండువేల ఆరు వానాకాలంలో ఒకరోజు అలాగే ఓడించి లేస్తూ, కొత్త మోడల్ గేమ్ మిషన్‌కి అసలు డిస్క్ డ్రైవే ఉండదట అని చెప్పింది. పెద్ద హార్డ్ డిస్క్ ఒకటి పెడతారట. గేములన్నీ దాన్లోనే దాచుకోవచ్చట. నెట్‌లో అందరూ అదే అనుకుంటున్నారట.

ప్లైవుడ్ గోడకి ఇవతల తన సీడీల లైబ్రరీలో కూర్చున్న ఎవాంజలిన్ ఆ మాట విని చేతిలో పని ఆపేసింది. ఆ చేతిలో ఉన్నది నాగవంశీ ఇచ్చిన గేమ్ డిస్కు. దాని మీద గీతలు పోవడానికి టూత్‌పేస్టు రాసి, పాత బనీను గుడ్డతో రుద్దుతోంది. పేస్టు ఇంటి నుంచి తెచ్చుకున్నదే.

ఇది వాళ్ళిద్దరి మధ్యా ఏడాదిగా నడుస్తున్న వ్యవహారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక నాగవంశీ ఒక గీతలుపడ్డ డిస్కు పట్టుకొచ్చేవాడు. ఆమె రుద్దేది. అతను స్టూలు మీద కూర్చుని కబుర్లు చెప్పేవాడు. మనసులో మాట ఇద్దరూ బయటపెట్టలేదు. డిస్కు ఉండగా ఆ తొందరేం కనిపించలేదు మరి.

మొదటి రోజే ఆమె అతనికి పాఠం చెప్పింది. "మిషన్ డిస్కుని గుండ్రంగా సదువుద్ది వంశీ. గుండ్రంగా గీత పడిందనుకో, దాని మీద ఆశ వొదులుకో. నడుమ నించి అంచు దాకా అడ్డంగా పడితే నాను సూసుకుంటాను." అతను చాలా బుద్ధిగా విన్నాడు.

ఇప్పుడు డిస్కులే ఉండవట. డిస్కు లేకపోతే గీత లేదు, గీత లేకపోతే స్టూలు ఖాళీ. ఎవాంజలిన్‌కి లెక్క ఇట్టే తేలిపోయింది.

ఆ మర్నాటి నుంచి నిఖిత నెట్ సెంటర్లో ప్రింట్లు తీయించుకుని మరీ రావడం మొదలుపెట్టింది. రెండు తలలూ ఒకే కాగితం మీదకి వంగేవి. కాసేపటికి నాగవంశీ నవ్వు వినిపించేది. తన స్టూలు మీద కూర్చుని అతను ఎప్పుడైనా అంత గట్టిగా నవ్వాడా అని ఎవాంజలిన్‌కి ఒకటే ఆలోచన. ఆ ఆలోచనలో భక్తి సినిమా అడిగిన పెద్దాయనకి దెయ్యాల సినిమా ఇచ్చి పంపింది. ఆయన పాపం మర్నాడు వణుక్కుంటూ తెచ్చిచ్చాడు.

ఉండబట్టలేక ఒకరోజు తనే కదిపింది. "కొత్త మిషన్ వత్తాదంట గదా."

"వత్తే రానీ. నీకూ సేతులు నొప్పి తగ్గుద్ది." ఈ మాట అతను ఆమె వంక చూడకుండా, బయట వాన వంక చూస్తూ అన్నాడు. ఆ రోజు చొక్కా కూడా కొత్తది, ఇస్త్రీది. అది ఎవరి కోసమో ఎవాంజలిన్ అడగలేదు. తనకి తనే చెప్పేసుకుంది.

అసూయ పట్టిన మనిషికి నోరు ఊరుకోదు. ఆ సాయంత్రం వాన జోరందుకుని పార్లర్ పిల్లలూ, నిఖితా, నాగవంశీ అంతా లైబ్రరీ ముందున్న రేకు కిందకి చేరారు. నిఖిత మళ్ళీ ఆ కొత్త మిషన్ సంగతే ఎత్తింది. ఎవాంజలిన్ కౌంటర్ దగ్గర నుంచి తల ఎత్తకుండా అనేసింది.

"ఆ మిషన్ మన ఊరికి పనికిరాదంట. ఉప్పుగాలికి లోపల హార్డ్ డిస్కు తుప్పట్టీసి, దాసిందంతా పోద్దంట. మా నాన్నకి ఓడోళ్ళు సెప్పారు."

అంతే, అందరూ నమ్మేశారు.

విశాఖపట్నంలో ఓడోళ్ళు చెప్పారంటే ఇక తిరుగులేదు. తుఫాను కబురు దగ్గర్నుంచి ఫారిన్ సెంటు మంచిచెడ్డల దాకా ఓడ మీద నుంచి దిగిన మాటకి ఉన్న విలువ పేపర్లో పడ్డ మాటకి లేదు. ఎవాంజలిన్ తండ్రి విజయరత్నం పోర్టులో క్రేన్ ఆపరేటర్. పైగా కిటికీ చువ్వలు, సైకిల్ గొలుసు, గేటు బందులు, ఏది కొన్నా ఏడాది తిరక్కుండా తుప్పు పట్టే ఊరిది. హార్డ్ డిస్క్ ఒక్కటీ ఎలా మిగులుతుంది?

పుకారు ఆటోనగర్ దాటింది, భీమిలి బస్సెక్కింది. సబ్బవరం నుంచి ఒకాయన పార్లర్‌కి పనిగట్టుకుని ఫోన్ చేసి, మా ఊరు సముద్రానికి దూరమే కదా, మాకు పర్లేదా అని కనుక్కున్నాడట. ఆఖరికి నిఖితే వచ్చి, "నెట్‌లో కూడా పడిపోయింది అక్కా, తీరప్రాంతాలకి పనికిరాదని" అంది. తను వదిలిన అబద్ధం తనకే నిజమై తిరిగొచ్చేసరికి ఎవాంజలిన్‌కి భయం వేసింది. అయినా నాగవంశీ ఇప్పుడూ రోజూ డిస్కుతో వస్తున్నాడు, ఈలలు వేసుకుంటూ వస్తున్నాడు. ఆ ఈలల ముందు భయం ఎంతసేపు నిలుస్తుంది.

ఈ సంబడం విజయరత్నం డ్యూటీ దిగి కూతురి షాపుకి వచ్చిన రోజు దాకానే సాగింది.

నాగవంశీ ఆయనకి ఎదురెళ్ళి గొడుగు అందుకున్నాడు. "అంకుల్, ఆ హార్డ్ డిస్కు సంగతి సెప్పిన ఓడ ఏ దేశందండీ?"

"ఏ ఓడ?" అన్నాడాయన. మొత్తం విన్నాక ఇంకా తెల్లబోయాడు. "నెల్లాళ్ళై నాను బొగ్గు బెర్తు కాడ ఉన్నాను బాబూ. బొగ్గు ఓడోళ్ళు నాతో డిస్కుల గురించి మాటాడతారేటి?"

అందరి కళ్ళూ కౌంటర్ వైపు తిరిగాయి. ఎవాంజలిన్ తల దించుకుంది. నాగవంశీ మాత్రం ముఖం వాడిపోయి, తన పార్లర్‌లోకి వెళ్ళి షట్టర్ సగం దించుకున్నాడు. విజయరత్నం కూతుర్నీ ఆ షట్టర్‌నీ ఒకసారి చూసి, టీ తాగొస్తానని ఎదురు కొట్టుకి నడిచాడు.

నిఖిత ఒక్కతే నవ్వాపుకుంటూ లైబ్రరీలోకి వచ్చింది.

"ఎందుకా నవ్వు? నీకు కావాల్సింది నీకు దొరికీసింది గదా," అంది ఎవాంజలిన్.

"నాక్కావాల్సింది మిషన్ అక్కా, ఆయన కాదు," అంది నిఖిత. "ఎవరైనా హార్డ్ డిస్క్ ఎంత పెద్దదని అడుగుతారు. ఈయన రోజూ ఒక్కటే అడుగుతాడు, డిస్కు పెట్టే చోటు ఉంటుందా ఉండదా అని. ఉంటుందని ఏ ప్రింట్‌లో కనబడినా అంత గట్టిగా నవ్వుతాడు. మీ ఉప్పుగాలి సంగతి నెట్‌లో పెట్టిందెవరనుకున్నారు? ఆయనే. నా పక్కన కూర్చుని నాచేతే టైప్ చేయించాడు."

ఎవాంజలిన్ కౌంటర్ వెనక నుంచి ఇవతలికి వచ్చేసింది.

"ఇంకోటి. ఆ డిస్కులకి గీతలు ఎలా పడుతున్నాయనుకుంటున్నారు? బండి తాళంతో గీస్తాడక్కా. నా కళ్ళతో చూశాను."

నిఖిత వెళ్ళాక ఎవాంజలిన్ తన దగ్గరున్న అతని డిస్కులన్నీ తీసి, ఒక్కొక్కటీ ట్యూబ్‌లైట్ వెలుతురుకి పెట్టి చూసింది. ప్రతి గీతా నడుమ నుంచి అంచు దాకా అడ్డంగా, తిన్నగా ఉంది. గుండ్రటిది ఒక్కటి లేదు. ఇన్నాళ్ళూ పార్లర్ కుర్రాళ్ళ గోళ్ళని తిట్టుకుంటూ రుద్దింది. అతను డిస్కుకి దెబ్బ తగలకుండా, ఆమె చెప్పిన పాఠం ప్రకారం పద్ధతిగా గీశాడు. ఏడాదిగా కళ్ళు అంతలా ఎలా మూసుకుపోయాయో తనకే అర్థం కాలేదు. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

వానలోనే వెళ్ళి సగం దించిన షట్టర్ తట్టింది. అతను పైకెత్తాడు. ఒక చేతిలో డిస్కు, రెండో చేతిలో బండి తాళం.

"నిజంగా ఉప్పుగాలికి పోదా?" అని అడిగాడు దిగులుగా.

"పోదు. నాను అబద్ధమాడాను."

"ఎందుకు?"

"డిస్కులు లేకపోతే నువ్వు రావు గదా. ఆ పిల్లతో కలిసి నువ్వు నవ్వుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది వంశీ. రాత్రుళ్ళు నిద్ర కూడా నేదు."

నాగవంశీ ముఖం మెల్లగా విచ్చుకుంది. "మరి నాను ఉత్త సేతుల్తో వత్తే కూసోనిత్తావో లేదోనని, ఏడాదిగా నా డిస్కులు నానే పాడుసేసుకుంటన్నాను. సేతుల నొప్పి మాట కూడా ఉత్తిదే. నువ్వు 'ఆ మిషన్ని రానీకు' అంటావేమోనని సూసాను."

ఆమె అతని చేతిలోంచి తాళం లాక్కుంది. "ఇంక గీయకు. ఉత్త సేతుల్తోనే రా. రోజూ రా."

అతను ఏదో అనబోయేలోగా ఎదురు టీ కొట్టులోంచి దగ్గు వినిపించింది. విజయరత్నం గ్లాసు చేత్తో పట్టుకుని, వాళ్ళ వంకే చూస్తున్నాడు. ఇద్దరూ చెరో అడుగు వెనక్కి వేశారు.

ఆయన తాపీగా ఆఖరి గుక్క తాగి, గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"బాబూ వంశీ, ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యాక మీ అమ్మనీ నాన్ననీ ఎంటబెట్టుకుని మా ఇంటికి భోజనానికి రా. పెద్దోళ్ళం మాటాడుకుంటాం. డిస్కులు మాత్రం తేకు. మా ఇంట్లో పళ్ళు తోముకోడానికి పేస్టు మిగలట్లేదు."