డిసెంబరు పేజీ

మణికుమారి ఆఫీసు మెట్లెక్కి వచ్చేసరికి గురువారం మధ్యాహ్నం రెండు దాటింది. అరబ్బు దేశపు రేవు మత్రాలో ఎండకు బజారు తలుపులు మూసుకుని ఉంది. నర్సు యూనిఫారం చెమటకు వీపుకు అంటుకుపోయి, ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

"ప్రసాద్ బాబు గారంటే..."

"నేనేనమ్మా. కూర్చోండి. ఇస్తారీ, మంచినీళ్ళు."

ప్రసాద్ బాబు ఒకప్పుడు ఏలూరులో పోలీసు ఇన్‌స్పెక్టరు. ఇప్పుడు రేవులో సరుకు మాయమైతే వర్తకుల తరఫున కూపీ లాగే ప్రైవేటు డిటెక్టివు. ఇస్తారిది జగిత్యాల దిక్కు, నలభై ఏళ్ళవాడు. రెండేళ్ళ కింద, డెబ్బై నాలుగులో, అతను పనిచేసే సైట్‌లో రాగితీగ పోయిందని కంపెనీ అతని మీద నేరం మోపితే అసలు దొంగను పట్టిచ్చింది ప్రసాద్ బాబే. అప్పటినుంచి ఇస్తారి ఆయన జీపు నడుపుతున్నాడు. మణికుమారి గ్లాసు పట్టుకున్న తీరు చూడగానే అతనికి ఆ రోజులు గుర్తొచ్చి, ఇక కుదురుగా నిలబడలేకపోయాడు.

ఆమెది బాపట్ల. ఆసుపత్రి వాళ్ళు ఆమెను లాంగ్లీ అనే ముసలి ఇంగ్లీషాయన ఇంటి డ్యూటీకి పంపారు. బడిలో చరిత్ర పాఠాలు చెప్పే మనిషి. రెండు కళ్ళకూ ఆపరేషనయి కట్టుతో ఉన్నాడు. ఆయన దగ్గర అయిదువందల యాభై ఏళ్ళనాటి ప్రార్థనల పుస్తకం ఒకటుంది. చేత్తో రాసింది, దూడతోలు పేజీలది. నిన్న పొద్దున అది పోయింది. కాలిన అట్ట వంటింటి వెనక రొట్టెల పొయ్యిలో దొరికింది.

"నేనే తగలబెట్టానంటున్నారండి. రేపు ఫిర్యాదు మీద దొరగారు సంతకం పెడితే నా వీసా రద్దు చేసి పంపేస్తామని మేట్రన్ గారు చెప్పేశారు."

"మీరే ఎందుకు తగలబెడతారట?"

ఆమె తల దించుకుంది. "అందులో మరియమ్మకూ పరిశుద్ధులకూ ప్రార్థనలున్నాయండి. మేం యేసుప్రభువుకు తప్ప ఎవరికీ ప్రార్థన చెయ్యమని ఒకరోజు దొరగారితో అన్నాను. అది ఆయన స్నేహితుడు కార్టర్ గారు విన్నారు."

"ఆ మాట అన్నది నిజమే కదా?"

"నిజమేనండి. నమ్మింది చెప్పాను. అంతమాత్రాన పుస్తకం కాలుస్తానా? దాని కథలన్నీ దొరగారే చెప్పేవారు. తోమా అని ఒక ఆర్చిబిషప్పు గారు రాజు మాటకు లొంగలేదని రాజు మనుషులు గుళ్ళోనే నరికేశారట. జనం ఆయన్ని పరిశుద్ధుణ్ణి చేసుకుని, డిసెంబరు ఇరవై తొమ్మిదిన పండగ చేసుకునేవారట. మూడున్నర వందల ఏళ్ళ తర్వాత ఇంకో రాజొచ్చి, రాజును ధిక్కరించినవాడికి పండగేమిటని, దేశంలో ప్రతి పుస్తకంలోనూ ఆ పేరు గీకించేశాడట. ఈ పుస్తకం మొదట్లో ఉన్న పండగల పట్టికలో కూడా, డిసెంబరు పేజీలో, గీకేశారండి. కట్టు కట్టాక కూడా దొరగారు పుస్తకం తీయించి, అక్కడ తోలు పలచబడిన చోటు వేలితో తడిమేవారు."

ప్రసాద్ బాబు భూతద్దం జేబులో వేసుకుని లేచాడు. "జీపు తియ్యి, ఇస్తారీ."

లాంగ్లీ ఇల్లు కొండవాలులో ఉంది. వంటమనిషి ఇక్బాల్ గేటు తీసి, మణికుమారిని చూసి మొహం తిప్పుకున్నాడు. అతనితో ఇస్తారి ఉర్దూలో మాట కలిపాడు. నిన్న పదింటికి చేపలకు వెళ్ళానని, పదకొండుకు తిరిగొచ్చేసరికి పొయ్యి దగ్గర కార్టర్ సాబ్ అరుస్తున్నాడని చెప్పాడు ఇక్బాల్.

"వాసనేమన్న వచ్చిందా?"

"కాగితాలు కాలిన వాసన. ఇంకేముంటుంది?"

ఇస్తారి యజమాని వైపు తిరిగాడు. "సార్, మా తాత డప్పులు కట్టేటోడు. తోలు కాలితే ఎంటికలు కాలినట్టు కంపు కొడ్తది. గన్ని తోలు పేజీలు కాల్తే ఈ వాడకట్టంత గుప్పుమంటుండె. తోలు బూడిద గాదు, ముడుచుకపోయి గట్టిగ గడ్డ కడ్తది."

ప్రసాద్ బాబు తలూపాడు. "బాగా గుర్తుచేశావు."

పొయ్యిలో దొరికినవి పళ్ళెంలో పెట్టి ఉంచారు: మాడిన చెక్క అట్ట, దాని ఇత్తడి కొలికి, మెత్తటి బూడిద, చివరి నాలుగు వరుసలు మిగిలిన ఒక తోలు పేజీ ముక్క. ఆ ముక్క మీద ఎర్రసిరాతో రాసిన పేరొకటి నిగనిగలాడుతోంది. ప్రసాద్ బాబు భూతద్దం పెట్టి చాలాసేపు చూసి, ముక్కను కాగితంలో మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కార్టర్ మేడమీద గదిలో పెట్టె సర్దుకుంటున్నాడు. లండన్‌లో పాత పుస్తకాల వ్యాపారి. కోటల ఫొటోలు తీసుకుందామని వచ్చి రెండు వారాలుగా ఇక్కడే ఉంటున్నాడు. మర్నాడు పొద్దున్నే అతని విమానం.

"పుస్తకం మీరు కొంటామని అడిగారట?"

"అడిగాను. అమ్మనన్నాడు. అక్కడితో అయిపోయింది."

"చేతిలోకి తీసుకుని చూశారా?"

"లాంగ్లీ ఎవర్నీ ముట్టుకోనివ్వడు. అద్దాల పెట్టెలోంచి బొమ్మ ఉన్న ఒక్క పేజీ చూశాను. ఈ మధ్య ఆ నర్సు మాత్రమే తీసి ఇస్తోంది."

"నిన్న పది నుంచి పదకొండు దాకా?"

"సముద్రం ఒడ్డుకు వెళ్ళాను. వచ్చేసరికి పొయ్యిలోంచి పొగ. ఆమె లాంగ్లీకి స్నానం చేయిస్తున్నానంటోంది. అరగంటసేపు చేయించిందట."

నడవడానికి దారి కోసం ఇస్తారి నేలమీది నల్ల డబ్బా ఒకటి పక్కకు జరపబోయాడు. కార్టర్ చప్పున అడ్డం వచ్చాడు. "అది ఫొటో కాగితం. మూత తీస్తే వెలుతురు తగిలి పాడైపోతుంది."

కిందికి దిగుతూ ఇస్తారి ఉండబట్టలేక అడిగాడు. "సార్, పొద్దుగూకుతుంది. తెల్లారితే గాయన పోతడు. ఈమెను పంపిస్తరు. మనం ఏం జేద్దాం?"

"అందర్నీ ముసలాయన గదిలోకి పిలువు. కార్టర్ వచ్చేటప్పుడు ఆ డబ్బా కూడా తెమ్మను."

లాంగ్లీ మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు. కళ్ళకు తెల్లటి కట్టు. మణికుమారి గోడకు దగ్గరగా, ఇక్బాల్ గుమ్మంలో నిలబడ్డారు. కార్టర్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు.

"లాంగ్లీ గారూ, ఈమే కాల్చిందని మీరెలా నమ్మారు?" అన్నాడు ప్రసాద్ బాబు.

"నలభై ఏళ్ళు మా దేశపు చరిత్ర చెప్పాను. భక్తి పేరుతో ఎన్ని పుస్తకాలు కాల్చారో, పుస్తకం దగ్గరుంచుకున్నందుకు ఎంతమంది మనుషుల్ని కాల్చారో నాకు తెలుసు. అందుకే నమ్మాను."

"చెయ్యి చాపండి. పొయ్యిలో దొరికిన ముక్క ఇది. డిసెంబరు పేజీ. అడుగునుంచి మూడో వరుస, ఇరవై తొమ్మిదో తేదీ, తడమండి."

ముసలాయన వేలు ఆ వరుస మీద మెల్లగా జరిగింది. ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చింది.

"నున్నగా ఉంది. ఇక్కడ తోలు పలచగా ఉండాలి."

"ఉండాలి. కానీ ఇందులో తోమా పేరు ఎర్రసిరాతో చెక్కుచెదరకుండా ఉంది. ఇది మీ పుస్తకంలోది కాదు. రాజుగారి ఆజ్ఞ చేరని పరదేశపు పుస్తకమేదో అయి ఉండాలి. మీ పుస్తకం కాలలేదు. కాలి ఉంటే వాసనకు వీధంతా ముక్కు మూసుకునేదని మా ఇస్తారి చెప్పాడు. పొయ్యిలో కాలింది మామూలు కాగితం, మీ పుస్తకం అట్ట, ఈ ఒక్క పేజీ."

ప్రసాద్ బాబు ముక్కను వెనక్కి తీసుకున్నాడు.

"పోయిన పుస్తకం కోసం అందరూ వెతుకుతారు. కాలిపోయిన దాని కోసం ఎవరూ వెతకరు. దొంగకు కావలసింది అదే. ఇలాంటి పాత పేజీ సంచిలో ఉంచుకునే మనిషి ఈ ఇంట్లో ఎవరు? ఇక్బాల్ కాడు. మణికుమారి గారికి అక్కడ పేరు గీకేశారని తెలుసు. ఆమె అయితే ఈ పేజీని సాక్ష్యంగా వదలరు. ఆ సంగతి తెలియనివాడు, మీ పుస్తకంలో ఒక్క పేజీ మాత్రమే చూసినవాడు, ఆ అరగంటలో తిరగేసే తీరిక దొరకనివాడు ఒక్కడే ఉన్నాడు. కార్టర్ గారూ, ఆ డబ్బా తెరవండి."

"పాడైపోతుందని చెప్పాను కదా."

"పాడైతే కొత్తది నేను కొనిస్తాను."

కార్టర్ లేవలేదు. ఇస్తారి వెళ్ళి అతని ఒళ్ళోంచి డబ్బా తీసుకుని మూత లాగాడు. నల్ల కాగితం మడతల్లో, అట్ట ఊడిన తోలు పేజీల కట్ట భద్రంగా ఉంది.

"ఈ దేశంలో ఇది ఎవరికి పనికొస్తుంది?" అన్నాడు కార్టర్, ఎవర్నీ చూడకుండా. "నువ్వు పోయాక చెదలు తింటాయి."

లాంగ్లీ ఇక్బాల్‌ను పిలిచి పోలీసులకు ఫోన్ చెయ్యమన్నాడు. ప్రసాద్ బాబు కట్టను ఒళ్ళో పెడితే, ముసలాయన దాన్ని తడమలేదు. కట్టున్న మొహం గోడ వైపు తిప్పాడు.

"మణీ, నువ్వు చెయ్యలేదని నాతో ఎందుకు చెప్పలేదు?"

"మీరు నన్ను అడగలేదండి. కార్టర్ గారిని అడిగారు, ఇక్బాల్‌ను అడిగారు. నన్ను బయటికి పొమ్మన్నారు."

మణికుమారి వాచీ చూసుకుని, చేతులు కడుక్కుని వచ్చి కట్టు విప్పింది. కళ్ళలో మందు వేసి కొత్త దూది పెట్టి, ఎప్పటిలాగే నెమ్మదిగా కట్టు కట్టింది.

"రేపు వస్తావా?"

"రేపటినుంచి వేరే సిస్టర్ వస్తారండి. మేట్రన్ గారిని నేనే అడుగుతాను. మందు రోజుకు నాలుగుసార్లని ఆమెకు చెప్పి వెళ్తాను."

జీపు దగ్గర ఇస్తారి తలుపు తీసి పట్టుకున్నాడు. ఇంత గెలిచినా తన మనసెందుకు నిలవడం లేదో అతనికి తెలియలేదు.

"యాడికి, చెల్లె? రూమ్‌కా?"

"ఆసుపత్రికే అన్నా," అంది మణికుమారి. "ఫిర్యాదు లేదని రాసి దొరగారి చేత సంతకం పెట్టించుకోవడం మరిచిపోయాను. ఒక్క నిమిషం ఆగండి."

మళ్ళీ మెట్లెక్కి లోపలికి వెళ్ళింది.