తోటకు నీళ్ళు

తెల్లవారగానే కుట్టుమిషను ముందు కూర్చుందామె. స్కూలు పిల్లల యూనిఫారాలు సాయంత్రానికల్లా ఇచ్చేయాలి. ఒక కన్ను కుట్టు మీద, ఒక కన్ను అమ్మ మీద. ఉన్నవి రెండే కళ్ళాయె, వంటింటిని భర్తకు వదిలేసింది.

అమ్మకు మతిమరుపు బాగా ముదిరింది. గోడమీది బొమ్మ ఒక్కటే ఆవిడ కాలక్షేపం. ఒకప్పుడు తామున్న ఇల్లు, చుట్టూ పూలతోట, నాన్న నీటిరంగులతో వేశాడు. ఆ ఇల్లు పరుల పాలైంది, నాన్న పోయాడు, ఆయన వేసినవాటిలో మిగిలింది ఇదొక్కటే. "తలుపు తెరవండి, మొక్కలకు గాలాడటం లేదు," అంటూ అమ్మ రోజూ ఫ్రేము అద్దాన్ని గోళ్ళతో గీకేది. ఆ గొడవ పడలేక నిన్న కూతురే అద్దం ఊడదీసింది.

"తీయకే. కాస్త తడి తగిలినా అంతే సంగతులు," అని భర్త మొత్తుకున్నాడు.

"మా అమ్మ సంతోషం కన్నా ఎక్కువా?" అని ఆయన నోరు మూయించింది.

ఇప్పుడు పక్కగదిలో నీళ్ళ చప్పుడు. కత్తెర పడేసి పరుగెత్తింది. అమ్మ కుర్చీ దగ్గరకు జరుపుకుని, బకెట్లోంచి మగ్గుతో ముంచి ముంచి బొమ్మ మీద నీళ్ళు చల్లుతోంది. పూలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి గోడవెంట కారుతున్నాయి. ఇల్లు ఎక్కడుందో తెలియడం లేదు.

"ఏం చేశావమ్మా! నాన్నది ఇదొక్కటేగా మిగిలింది! నీకసలు బుద్ధుందా?" మగ్గు లాక్కుని విసిరికొట్టింది.

అమ్మ బిక్కమొహం వేసింది. "మొక్కలు వాడిపోతున్నాయి మరి. ఆయన ఊరెళుతూ నాకు చెప్పి వెళ్ళారు."

"ఊరికి కాదు! నాన్న పోయారు! ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"పోయారా? ఎప్పుడు?" అంది అమ్మ. మరుక్షణం గుండెలు బాదుకుని ఏడవడం మొదలెట్టింది.

గరిటె చేత్తోనే వచ్చిన భర్త గుమ్మంలో ఆగిపోయాడు. "ఎన్నిసార్లు చెప్పినా ఆవిడకి కొత్తేనే," అన్నాడు మెల్లగా.

కూతురికి తన చెప్పుతో తనే కొట్టుకోవాలనిపించింది. అమ్మ కళ్ళు తుడిచి, తడిసిన చీర మార్చి మంచం మీద కూర్చోబెట్టింది. కాసేపటికి అమ్మ ఏడుపు ఆగింది, ఎందుకు ఏడ్చిందో కూడా మరిచిపోయింది. వేళ్ళకంటిన ఆకుపచ్చ రంగు వంక చూసుకుంది, గోడ వంక చూసింది. తర్వాత కూతుర్ని దగ్గరకు రమ్మని సైగ చేసింది.

"బట్టలు కుట్టే ఆవిడేగా మీరు? మీకు పుణ్యముంటుంది, మా అమ్మాయి బడినుంచి వచ్చేలోగా ఆ బొమ్మ ఎక్కడైనా దాచేయరూ? వాళ్ళ నాన్న వేసిందని దానికి ప్రాణం."

"తిడుతుందని భయమా?" అంది కూతురు.

"తిడితే తిట్టనీండి. పిచ్చిది, ఏడుస్తుంది. అది ఏడిస్తే నేను చూడలేనమ్మా."

"ఏడవదులెండి," అంటూనే కూతురు ఆవిడ ఒళ్ళో తల పెట్టి బావురుమంది.