రెండో గీత మీద స్వరం

"ఆనంద్ పాల్ దోనెలో బాంబు పెట్టారు. టైము తెలుసుకో." ఫోన్లో చీఫ్ అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడలేదు.

2005 నవంబరు. ఏలూరులో ఒక చర్చి క్వయర్ గది. ఏజెంట్ శ్రీనాథ్ చేతిలో మ్యూజిక్ షీట్ ఉంది. పాత కీర్తనల మీద రీసెర్చ్ అంటూ దిగి, రాడార్ మ్యాపులు కొంటున్న విదేశీ ముఠాది అది. ఆనంద్ పాల్ జాలరి వేషంలో కొల్లేరు మీద వాళ్ళని కనిపెడుతున్న తోటి ఏజెంట్. అక్కడ అతని సెల్‌కి సిగ్నల్ లేదు.

షీట్ తెచ్చింది కెజియా. క్వయర్‌లో పైస్థాయి పాడే సొప్రానో, ముఠాకి కొరియర్, నిజానికి మన డబుల్ ఏజెంట్. ఆమె అందాన్ని శ్రీనాథ్ వెంటనే గమనించాడు. నమ్మడం మాత్రం వాయిదా వేశాడు.

కాగితం మీద ఒకే స్వరం. అయిదు గీతల్లో కింది నుంచి రెండోదాని మీద.

"అది జీ అండీ," అంది కెజియా. "వాళ్ళ కోడ్‌లో ఏ అంటే ఒకటి, బీ అంటే రెండు. అలా జీ అంటే ఏడు. సాయంత్రం ఏడింటికి."

అప్పుడు మధ్యాహ్నం ఒంటిగంటన్నర. పగలే వెళ్తే ముఠా జారిపోతుంది. ఆరింటికి బయల్దేరదామనుకున్నాడు శ్రీనాథ్. అయినా మనసు కుదుటపడలేదు.

మూల హార్మోనియం తుడుస్తున్న క్వయర్ మాస్టారు పాపారావు కళ్ళజోడు సర్దుకుని దగ్గరికొచ్చారు.

"జీ కాదండీ, బీ. మొదట్లో ఆ వంపు పక్కన రెండు చుక్కలున్నాయి చూడండి. అది బేస్ క్లెఫ్, కిందిస్థాయి గొంతుల గుర్తు. గీత అదేనండీ, క్లెఫ్ మారితే స్వరం మారిపోద్ది."

బీ. రెండు గంటలు. ఇంకా అరగంట.

శ్రీనాథ్ పిస్టల్ కెజియా వైపు లేచింది. "కావాలనే తప్పు చెప్పావా?"

ఆమె వంగి ఆ రెండు చుక్కల వైపు చూసింది.

"ఆవిణ్ణేమీ అనకండి," అన్నారు మాస్టారు. "మా దగ్గర ఆడవాళ్ళకి పాటల పుస్తకంలో పై అయిదు గీతలే నేర్పుతాం. బేస్ క్లెఫ్ ఉండే కింది అయిదూ మగగొంతులవి. ఇరవై ఏళ్ళుగా అలా నేర్పింది నేనే. తప్పు నాదండీ."

జీపు చేపల చెరువుల గట్ల మీద పరిగెత్తింది. పక్కన కెజియా కూర్చుంది. శ్రీనాథ్‌కి సిగ్గేసింది. భయం అంతకంటే ఎక్కువేసింది.

రెండవడానికి ఇంకో నిమిషం. దోనె గట్టుకి వంద గజాల దూరంలో ఉంది. ఆనంద్ పాల్ అటు తిరిగి వల విదిలిస్తున్నాడు. శ్రీనాథ్ కేక గాలికి సగంలోనే పోయింది.

కెజియా గుండె నిండా గాలి పీల్చింది. "దూకండీ!"

కొల్లేరు మీద పక్షులన్నీ లేచాయి. ఆనంద్ పాల్ నీళ్ళలో మునిగాడు. మరుక్షణం దోనె పేలింది.

ఒడ్డుకి ఈదొచ్చిన ఆనంద్ పాల్ చెప్పిన ఆనవాళ్ళతో ముఠా నాయకుణ్ణి తాడేపల్లిగూడెం స్టేషన్లో పట్టుకున్నారు.

క్షమించమని అడగడం శ్రీనాథ్‌కి ఏ ట్రైనింగ్‌లోనూ నేర్పలేదు. "నాకూ ఆ క్లెఫ్‌లు నేర్పుతారా?" అన్నాడు.

"మీ గొంతుకి కింది అయిదు గీతలండీ. మాస్టార్ని అడగండి," అంది కెజియా. "పిస్టల్ మాత్రం గుమ్మం బయట పెట్టి రండి."