ముఖమల్ ఎరుపు

పొద్దున్నే టీ గ్లాసుతో పని గదిలోకి వచ్చిన కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. మ్యూజియం వాళ్ళ పాత పట్టుబట్టలకు అడుగున అతుకు వేయడానికి ఏళ్ళ తరబడి ఏరి దాచుకున్న గుడ్డముక్కలు డబ్బాలో లేవు. అత్తగారి బల్ల మీద, గ్రంథాలయం కిటికీ కోసం గీసిన పెద్ద బొమ్మ మీద పరిచి ఉన్నాయి. మస్లిన్, క్రేపు, ముఖమల్, అన్నీనూ. పక్కనే కుర్చీలో అత్తగారు.

ఆ గదిలో బల్లలు రెండు, వెలుతురిచ్చే కిటికీ ఒకటే. రంగుటద్దాల పని అత్తగారిది, పాత బట్టల పని కోడలిది. గాజుపొడి పట్టు మీద పడిందంటే ఈవిడకు ఒళ్ళు మండేది. గుడ్డపేలిక తన బల్ల మీద కనిపిస్తే ఆవిడ ఊరుకునేది కాదు. అత్తాకోడళ్ళన్నాక ఆ మాత్రం ఉంటుంది లెండి.

మొన్న చలికాలంలో పక్షవాతం వచ్చి పెద్దావిడ మాట పడిపోయింది. చెయ్యి తేరుకుంది గానీ మాట తిరిగి రాలేదు. తన గాజు పలకలకు తానే పెట్టుకున్న పేర్లు ఒక్కటీ నోటికి అందలేదు. కాగితాలు చుట్టి పై అరల్లో నిలబెట్టిన పలకలన్నీ కిందినుంచి చూస్తే ఒకేలా ఉంటాయి. ఎక్కి తీసుకోలేక, ఏది కావాలో చెప్పలేక, సగం అయిన కిటికీ ముందు ఆవిడ రోజూ కూర్చునేది.

"అత్తయ్యా! ఇదేం పనండీ? మీ బల్ల మీదికి నా గుడ్డలు రాకూడదని మీరే కదా అనేవారు! ఇప్పుడు కావాలని నా పని పాడు చేస్తారా?" కోడలి గొంతు ఇల్లంతా వినిపించింది.

కొడుకు పరుగున వచ్చాడు. "అందుకే చెప్తున్నా. ఇవాళ పాత సామాను కొనే ఆయనొచ్చి అమ్మ పనిముట్లన్నీ పట్టుకుపోతాడు. అమ్మ ఏ పూట చెయ్యి కోసుకుంటుందో అని నాకు భయంగా ఉంది."

"అత్తయ్యను అడిగారా?"

"అడిగితే చెప్పగలదా?"

ఆ మాటకు పెద్దావిడ అరచేత్తో బల్ల మీద ఫెడీమని కొట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోడలు ముక్కలు ఏరడం మొదలుపెట్టింది. ముఖమల్ ముక్క దగ్గరికి వచ్చేసరికి అత్తగారి చెయ్యి దాన్ని అదిమి పట్టింది, వదలలేదు.

అప్పుడు చూసింది కోడలు. ముఖమల్ కింద బొమ్మలో ఉన్నది ఉదయిస్తున్న సూర్యుడు. ముడతల క్రేపు సరిగ్గా నది అలల మీద ఉంది. మస్లిన్ పొగమంచు మీద ఉంది.

"ఏమండీ, ఆ నిచ్చెన పట్టుకోండి," అంది గబగబా.

పై అరలోంచి ఎర్ర పలకలు మూడు దించి, కాగితాలు విప్పి ఒక్కొక్కటే కిటికీకి ఎత్తి పట్టింది. మొదటిదానికి అత్తగారు తల అడ్డంగా ఊపింది. రెండోదానికీ అంతే. మూడోది చిక్కటి ఎరుపు, లోతుగా, మెత్తగా ఉంది. పెద్దావిడ ముఖమల్‌ను వేలితో నిమిరి ఆ గాజును చూపించింది. నవ్వింది. ఎన్ని నెలలకు నవ్విందో!

కోడలికి దుఃఖం పొంగుకొచ్చింది. "మీరు మాట్లాడుతూనే ఉన్నారు, నేనే అరిచాను అత్తయ్యా."

అత్తగారు ఆమె చెంప మీద నీళ్ళు తుడిచి, వెంటనే క్రేపు ముక్క మీద వేలితో టకటకా కొట్టింది. ఏడుపు తర్వాత, ముందు అలలు దించమని. నిచ్చెన పట్టుకున్న కొడుక్కి ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

అలల గాజు బల్ల మీదికి వచ్చింది. మంచుకు మసక గాజు వచ్చింది. పెద్దావిడ గాజు కోసే కట్టరు అందుకుని గీత గీస్తే గాజు కిర్రుమంది, వంకర లేకుండా విడిపోయింది.

అంతలో తలుపు చప్పుడైంది. పనిముట్ల కోసం ఖాళీ సంచులతో వచ్చినాయన. కొడుకు కదలబోతే తల్లి చెయ్యి అడ్డం పెట్టింది. కట్టరు పిడికిట్లో పట్టుకుని, గోడ ఆసరాతో తానే నడిచి వెళ్ళి తలుపు తీసింది. పెదవులు వణికాయి.

"ప... పని," అంది పెద్దావిడ. "పని ఉంది."

"అమ్మా!" అన్నాడు కొడుకు. వచ్చినాయన సంచులు చంకన పెట్టుకుని, నవ్వుతూ దండం పెట్టి మెట్లు దిగాడు. ఆయన వీధి మలుపు తిరిగేలోగా ఆవిడ గడప మీద నిటారుగా నిలబడి, ఇరుగుపొరుగు అందరికీ వినిపించేలా మళ్ళీ అంది.

"నాకు పని ఉంది!"