రెండో నక్షత్రం

"మీ కాలు తగిలి స్టాండు కదిలిపోయిందండీ!"

అన్నాక గానీ తానేమన్నాడో కళ్ళజోళ్ళబ్బాయికి తెలియలేదు. అప్పటికే మేడ మీదున్న వాళ్ళందరూ పై వాటా పళ్ళ డాక్టరమ్మ వైపు తిరిగారు.

వీధి మలుపులో కళ్ళజోళ్ళ షాపు అతనిది. ఊరందరికీ చూపు సరిచేసేవాడు, కొత్తగా టెలిస్కోపు కొని, శనిగ్రహం వలయాలు చూపిస్తానని సాయంత్రం బిల్డింగు మొత్తాన్నీ పిలిచాడు. మొత్తం అన్నది మర్యాదకి. పిలిచింది ఒక్క మనిషి కోసం. ఆ డాక్టరమ్మ అంటే అతనికెంత ఇష్టమో ఆమెకి తప్ప బిల్డింగులో అందరికీ తెలుసు.

ఆ టెలిస్కోపు స్టాండుకి మోటారుంది. ముందు రెండు నక్షత్రాలని ఒకదాని తర్వాత ఒకటి అద్దం మధ్యకి తెచ్చి బటన్ నొక్కితే, ఆకాశం లెక్క పట్టుకుని, అడిగినదాని మీదికి తానే తిరుగుతుంది. మొదటిదాన్ని బుద్ధిగానే తెచ్చాడు. సరిగ్గా రెండోదాని దగ్గరికొచ్చేసరికి ఆమె కుర్చీ తెచ్చుకుని పక్కనే కూర్చుంది. నక్షత్రం ఇంకా అంచునే ఉండగా ఇతను కంగారులో బటన్ నొక్కేశాడు.

ఇంకేముంది, శనిని చూపించమంటే అది ఉత్త చీకటి చూపించింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు తప్పు ఆమె కాలి మీదికి తోసేశాడు.

"చూసుకు కూర్చోవాలి కదమ్మా!" అన్నాడు ఆమె తాతయ్య. "ఏమీ అనుకోకు బాబూ, కష్టపడి అమర్చుకున్నావు."

"సారీ అండీ," అని ఆమె లేచి, నీళ్ళ ట్యాంకు దగ్గరికి వెళ్ళి నిలబడింది.

ఆ సారీతో అతనికి తల కొట్టేసినట్టయింది. ఎదురు తిరిగి నాలుగు తిట్టినా బాగుండేది. దానికి తోడు తాతయ్య, తప్పు తమ ఇంటి పిల్లదే కదా అని, టార్చి పట్టుకుని సాయానికొచ్చాడు. ఇంతసేపూ ఆమె ముందు గొప్పగా కనబడాలని తాపత్రయపడినవాడికి ఇప్పుడు ఆ వైపు చూడ్డానికే ముఖం చెల్లలేదు. ఇప్పుడు నోరు విప్పకపోతే రేపు మెట్ల మీద ఏ ముఖంతో ఎదురుపడతాడు?

"తాతయ్యగారూ," అన్నాడు. తర్వాత మాట అందరికీ వినబడేలా చెప్పాడు. "ఆవిడ కాలు తగల్లేదండీ. నేనే రెండో నక్షత్రాన్ని మధ్యకి తేకుండా నొక్కేశాను. అబద్ధం చెప్పాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. తాతయ్య టార్చి ఆర్పేసి, "ఆ మాట నాక్కాదు, అక్కడ చెప్పు," అన్నాడు.

కాళ్ళీడ్చుకుంటూ ట్యాంకు దగ్గరికి వెళ్ళాడు.

"క్షమించండి. సిగ్గుతో చచ్చిపోతున్నాను."

"చచ్చిపోకండి. నాకు పళ్ళు పీకడం తప్ప ప్రాణం పొయ్యడం రాదు." ఆమె నవ్వలేదు. "మీరు తొందరపడి నొక్కడం నేను చూశాను."

"మరి అప్పుడే అనలేదేం?"

"మీరే చెబుతారేమోనని చూశాను. ఆలస్యం చేశారు."

అతను మళ్ళీ క్షమించమనబోతే ఆమె ఆపేసింది.

"సర్లెండి, తాతయ్య ఎదురు చూస్తున్నాడు. ఏదైనా ఉపాయం ఉందా?"

ఉంది. శనికి దగ్గర్లోనే వెలుగుతున్న నక్షత్రాన్ని చూపించమని యంత్రాన్ని అడిగాడు. అదీ కొంచెం పక్కకే తప్పింది. ఓపిగ్గా మధ్యకి తెచ్చి, ఇదే అదని యంత్రానికి చెప్పాడు. ఈసారి శని, వలయంతో సహా, అద్దంలోకి వచ్చి కూర్చుంది. తాతయ్య చూశాడు, అందరూ చూశారు. చివరికి ఆమె వంతు వచ్చింది.

"అయ్యో, జారిపోతోంది!"

"అమరిక ఇంకా పూర్తిగా కుదర్లేదండీ. మీరు చూస్తూ ఉండండి, నేను మధ్యకి తెస్తుంటాను." బటన్లు నొక్కుతూ పక్కనే నిలబడ్డాడు. చెవులు ఇంకా సిగ్గుతో మండుతూనే ఉన్నాయి.

"పూర్తిగా కుదిరితే జారదా?"

"జారదు. పక్కన మనిషే అక్కర్లేదు. రేపు కుదుర్చుతాను."

ఆమె అద్దం మీంచి కన్ను తియ్యలేదు.

"మీరు అబద్ధాలు మానేస్తే చాలు," అంది. "దాన్ని మాత్రం అలాగే ఉండనివ్వండి."