పొట్టి వరి, పొడుగు ఆదిలక్ష్మి

“ఈ చేలో పొడుగువేవీ ఉండకూడదండి. కనపడితే పీకి పారెయ్యాలి” అన్నాడు పూర్ణచంద్రరావు.

గట్టు మీద నిలబడ్డ ఆదిలక్ష్మి కిందికి చూసింది. చాలామందిని ఆమె అలాగే చూస్తుంది. కొలకలూరు ఆడవాళ్లలో ఆమెకంటే పొడుగు లేరు. మగవాళ్లలో ఉన్నారు గానీ వాళ్లకి పెళ్లిళ్లయిపోయాయి. వచ్చిన సంబంధాలన్నీ ఆమె లేచి నిలబడేదాకా బాగానే నడిచేవి.

“ఎవర్ని పీకి పారెయ్యాలి?”

“వరి మొక్కల్నండి.”

“ఓహో.”

పూర్ణచంద్రరావు బాపట్లలో వ్యవసాయం బియ్యెస్సీ చదివి, అక్కడే పరిశోధనలో ఉద్యోగం చేశాడు. మంచి వంగడం రైతుకి చేరకుండా పుట్టిన చోటే ముసలిదైపోతోందని బాధపడి, తెనాలిలో విత్తనాల కొట్టు పెడతానని ఉద్యోగం మానేశాడు. ఆదిలక్ష్మి నాన్న బసవపున్నయ్య చేలో పొట్టి వరిని విత్తనం పంటగా వేయించాడు. అది గాలివానకి పడిపోదు, కంకి నిండుగా ఉంటుంది. తనూ అలాంటివాడినేనని అతడెప్పుడూ అనలేదు. ఊళ్లోవాళ్లే అన్నారు.

చిక్కేమిటంటే, నిరుడు రాలిన పాత రకం గింజలు ఆ చేలోనే మొలిచి, అక్కడక్కడా పొడుగ్గా లేచాయి. సోమవారం గుంటూరు నుంచి ఇన్‌స్పెక్టరు వస్తాడు. కలగలుపుగా ఉందంటే అది విత్తనం కాదు, ఉత్త వడ్లు. అప్పుడు కొట్టూ ఉండదు. పూర్ణచంద్రరావు రేపల్లె పోయి వాళ్ల నాన్నగారి బియ్యం మిల్లులో కూర్చోవాలి.

“పిన్నిగారూ, రేపు కూలీల్ని పంపండి” అన్నాడు ఇంటికొచ్చి, ఆదిలక్ష్మి తల్లి సుబ్బాయమ్మతో.

“పంపను.”

“ఏంటండీ?”

“చేను పొట్ట మీదుంది నాయనా. కడుపుతో ఉన్నదాన్ని వేళ్లతో సహా పీకుతారా ఎవరైనా? నీకు చదువు చెప్పినోళ్లు ఈ మాట చెప్పలా?”

“ఈ దశలోనే తియ్యమన్నారండి.”

“వాళ్లకి ఆడపిల్లలు లేరేమో.”

అతడు బసవపున్నయ్య వైపు చూశాడు. ఆయన “ఊఁ” అన్నాడు. ఆయన దేనికైనా అదే అంటాడు. అది ఎవరి పక్షమో సుబ్బాయమ్మక్కూడా తెలియదు.

మర్నాడు వాన. కూలీలు రాలేదు. కడుపుతో ఉన్న చేలో చెయ్యి పెట్టం అన్నారు. పూర్ణచంద్రరావు గొడుగేసుకుని గట్టు మీద నిలబడి, పొడుగు మొక్కల్ని చూస్తున్నాడు. ఆదిలక్ష్మి మడిలో నీళ్లు ఎక్కువయ్యాయేమో చూడ్డానికి వచ్చింది.

“మీరైనా చెప్పండి మీ అమ్మగారికి.”

“నేనెందుకు చెప్తాను? నేనూ పొడుగుదాన్నే.”

“అయ్యో, మిమ్మల్ని అనలేదండి!”

“పెళ్లిచూపులకొచ్చినవాళ్లూ అనలేదు. అనకుండానే వెళ్లిపోయారు.”

అతడు ఆమె మీద గొడుగు పట్టబోయాడు. ఊచ ఆమె నుదుటికి తగిలింది. ఆమె గొడుగు లాక్కుని, తనే ఇద్దరికీ పట్టింది. వానలో ఇంత సుఖంగా అతడు ఎప్పుడూ నిలబడలేదు.

“అవి చెడ్డ మొక్కలా?” అడిగిందామె.

“మంచివేనండి. ఉండాల్సిన చోట లేవు, అంతే.”

“ఉండాల్సిన చోటెక్కడ?”

“కాలవ అవతల మీ పాత రకం చేను. ఆ విత్తనం గింజలే ఇవి.”

“అంటే అది వీటి పుట్టిల్లు.”

“అనుకోవచ్చండి.”

“కడుపుతో ఉన్నదాన్ని పీకకూడదు గానీ, పుట్టింటికి పంపొచ్చుగా?”

పూర్ణచంద్రరావు మొదటిసారి ఆమెను తలెత్తి చూశాడు. మెడ నొప్పి పుట్టేదాకా చూశాడు.

సుబ్బాయమ్మ ఈ సంగతంతా వింది.

“ఎన్నో నెల?”

“నాట్లేసి... మూడో నెలండి.”

“బేసి నెలే. పంపొచ్చు. దుబ్బుని మట్టితో సహా తియ్యాలి. కుదుపులుండకూడదు.”

కూలీలు వచ్చారు. దుబ్బుల్ని పారలతో మట్టితో సహా ఎత్తి, తట్టల్లో పెట్టి, కాలవ దాటించారు. సుబ్బాయమ్మ మొదటి తట్టకి పసుపూ కుంకుమా పెట్టింది. పూర్ణచంద్రరావు కూడా ఒక తట్ట మోశాడు. ఆదిలక్ష్మి గొడుగు పట్టింది, దుబ్బుకి.

సోమవారం ఇన్‌స్పెక్టరు చేనంతా తిరిగాడు.

“ఒక్క పొడుగు మొక్కా లేదే! ఏం చేశారు?”

“పుట్టింటికి పంపామండి” అన్నాడు పూర్ణచంద్రరావు.

ఇన్‌స్పెక్టరు విత్తనానికి పనికొస్తుందని సంతకం పెట్టేసి, బస్సు టైమైందని వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం భోజనం బసవపున్నయ్య ఇంట్లోనే.

“ఇంకాస్త పప్పు వేసుకో నాయనా.”

“చాలండి, అత్తయ్యగారూ.”

గరిటె ఆగింది. తలుపు వెనక గాజుల చప్పుడూ ఆగింది. పిన్ని కూతురైతే చెల్లెలవుతుంది. అత్తయ్య కూతురు అవదు.

“వరస మార్చావేంటి?” అంది సుబ్బాయమ్మ.

“పాతది ఉండాల్సిన చోట లేదండి. తీసేశాను.”

“మా పిల్ల పొడుగు.”

“చూశానండి. గొడుగు తనే పట్టుకుంటుంది.”

“రోజూ పట్టను” అంది తలుపు వెనక నుంచి ఆదిలక్ష్మి. “వానొస్తేనే.”

బసవపున్నయ్య “ఊఁ” అన్నాడు. ఈసారి ఎవరి పక్షమో అందరికీ తెలిసింది.

తెనాలి కొట్టుకి కొల్లిపర నుంచి కూడా రైతులు పొట్టి విత్తనం కోసం వస్తున్న రోజుల్లో, ఒకనాడు పూర్ణచంద్రరావు కొట్టు మూసి, ఆదిలక్ష్మిని రిక్షాలో కొలకలూరు తీసుకొచ్చాడు. ఆమెకి ఏడో నెల. సన్నగా వాన. గొడుగు ఆమే పట్టుకుంది.

సుబ్బాయమ్మ కంగారుగా వీధిలోకి వచ్చింది. “కుదుపుల్లేకుండా తెచ్చావా నాయనా?”

“మట్టితో సహా అత్తయ్యగారూ” అన్నాడు అతడు, రిక్షా దిగిన ఆదిలక్ష్మి పాదాలకంటిన బురద చూసి.